తాతల నాటి రాళ్ళపెట్టె: దారిలో ఏరడం, ఇంట్లో దాచడం

పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

సెలవులొస్తే కారెక్కి బయల్దేరడం, దారిలో దొరికిన రాయో గవ్వో గింజో ఇంటికి తెచ్చుకోవడం చాలా కుటుంబాల్లో తాతల నుంచి వస్తున్న అలవాటు. కానీ తాత పోగుచేసిన పెట్టెను మనవడు తెరిచేసరికి ఏది ఎక్కడిదో చెప్పేవాళ్ళుండరు. చివరికి ఆ రాళ్ళు పూలకుండీల పాలవుతాయి. ఏరినచోటే రాసిపెట్టుకోకపోవడం వల్ల వచ్చే నష్టమిది. ఈ పూట మాట్లాడబోయేది ముఖ్యంగా దాని గురించే.

హైదరాబాద్ నుంచి వికారాబాద్, జహీరాబాద్ వైపు వెళ్తే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా గట్టిపడి ఏర్పడిన బసాల్ట్ నేల తగులుతుంది. ఆ లావాలో గాలిబుడగలు వదిలిన గుల్లల్లోకి సిలికా కలిసిన నీరు చేరి, పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అనే చారల రాయి అయింది. బసాల్ట్ శిథిలమై నల్లరేగడిగా మారినా అగేట్ మాత్రం మిగిలిపోతుంది. అందుకే వానలు వెలిశాక వాగు ఇసుకలో విడిగా దొరుకుతుంది. భీమా, కృష్ణా నదులు ఇలాంటి నేల మీదుగానే వస్తాయి కాబట్టి వాటి గులకల్లోనూ వెతకొచ్చు. రాయిని తడిపి ఎండకెదురుగా పట్టి చూడండి. అంచుల్లోంచి వెలుగు దూరాలి, పొరలు కనబడాలి. పాత గాజుముక్క మీద గీస్తే గీత పడాలి. సున్నపురాయికి గాజును గీసే గట్టిదనం లేదు, దాని పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా పొంగుతుంది. చేతిలో పట్టగానే సైజుకు మించిన బరువు అనిపిస్తే ముగ్గురాయి (బెరైటీస్) కావచ్చు. పలుగురాయి నీటికి 2.65 రెట్లు బరువుంటే ముగ్గురాయి దాదాపు నాలుగున్నర రెట్లు.

తీసుకోకూడని చోట్లు పిల్లలకు ముందే చెప్పాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) పొరలు కూర్చున్న చోటుంది. ఆ రెండింటి మధ్య గడిచిన కోట్ల ఏళ్ళ కాలం నాటి పొరలేవీ అక్కడ లేవు. అక్కడా, శిలాతోరణం దగ్గరా, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరా ఫొటోతో సరిపెట్టుకోవాలి, పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే ఆ ఫొటో కూడా సేకరణే. శ్రీశైలం దారిలో మన్ననూర్ దాటాక పులుల అభయారణ్యం. అక్కడ రాయి, ఈక, గింజ ఏదీ ముట్టకూడదు. సముద్రపు ఒడ్డున పగడాల ముక్కలు దొరికినా వదిలేయాలి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. శంఖం దొరికితే తడి ఇసుక మీద పది నిమిషాలు ఉంచండి. లోపల సన్యాసి పీత ఉంటే కాళ్ళు బయటికి వస్తాయి, ఆ శంఖం దాని ఇల్లు.

అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు ఒక మాట. అక్కడి నేషనల్ పార్కుల్లో గులకరాయి తీసుకున్నా నేరమే. ఆర్కన్సాలోని క్రేటర్ ఆఫ్ డైమండ్స్ స్టేట్ పార్కులో మాత్రం టికెట్ కొని వెతుక్కుంటే దొరికిన వజ్రం మీదే. ఇండియా నుంచి తీసుకెళ్ళే రాళ్ళకు మట్టి అంటుకుని ఉంటే కస్టమ్స్ దగ్గర చిక్కు తప్పదు, గింజల విషయంలో నిబంధనలు ఇంకా గట్టివి.

ఇక రాసుకోవడం. ఏరిన చోటే, కారు కదలకముందే రాయాలి. రాత్రి లాడ్జిలో రాద్దాం అనుకుంటే ఆ రోజు నాలుగు చోట్ల ఏరినవి కలిసిపోతాయి. చీటీ మీద వరస నంబరు, తేదీ, దగ్గరి ఊరు, మండలం, ఏరినవారి పేరు ఉండాలి. ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత నాలుగు అంకెల వరకు రాస్తే సుమారు పది మీటర్ల తేడాలో ఆ చోటు దొరుకుతుంది. రాయి కొండలోంచి ఊడిందా, వాగులో కొట్టుకొచ్చిందా అన్నది కూడా రాయండి, చాలామంది వదిలేసేది ఇదే. పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ సిరా తడికి, ఎండకు వెలిసిపోతుంది. ఇంటికొచ్చాక రాయి అడుగున అంగుళంలో సగం మేర తెల్ల పెయింట్ పూసి, ఆరాక నల్ల ఇండియన్ ఇంకుతో అదే నంబరు వేసి, పైన రంగులేని గోళ్ళ రంగు ఒక పూత వేయాలి. చీటీ పోయినా నంబరు పోదు, పుస్తకంలో వివరం ఉంటుంది.

పదిలీటర్ల బకెట్ నిండా రాళ్ళంటే పదిహేను కిలోలు దాటుతుంది. డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి, కదలకుండా సర్దాలి. వెనక అద్దం కింది అరమీద ఒక్క రాయి పెట్టినా సడన్ బ్రేక్ వేసినప్పుడు అది పిల్లల తలలమీదికి వస్తుంది. వడ్రంగి సుత్తితో రాళ్ళు కొట్టకండి, దాని ఉక్కు అంచు పెచ్చులుగా ఎగిరి కంట్లో పడుతుంది. భూగర్భశాస్త్రం సుత్తి వేరే ఉంటుంది, దానితో కొట్టినా కళ్ళద్దాలు తప్పనిసరి.

గవ్వల్ని మంచినీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చాలి. వెనిగర్, టాయిలెట్ క్లీనర్ లాంటి ఆమ్లాలు తగిలితే మెరుపు పోతుంది, గవ్వంతా సున్నమే కదా. అంతకంటే పెద్ద ముప్పు అల్మరా. కొత్త చెక్క, ప్లైవుడ్ నుంచి సన్నగా ఆమ్ల ఆవిర్లు వస్తుంటాయి. తలుపులు మూసిన అరలో కొన్నేళ్ళకు గవ్వల మీద ఉప్పు పేరినట్టు తెల్లపొడి కనబడుతుంది. తుడిచినా ఆగదు, నగిషీ కరిగిపోతుంది. స్టీలు బీరువా, ప్లాస్టిక్ డబ్బాలు మేలు. ఊదారంగు అమెథిస్ట్‌ను కిటికీ దగ్గర పెడితే ఎండకు రంగు వెలుస్తుంది. గచ్చకాయల లాంటి గింజల్ని పురుగు పట్టకుండా గట్టి కవర్లో మూసి వారం రోజులు డీప్ ఫ్రీజర్లో ఉంచాలి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి, విప్పితే చెమ్మ పట్టి బూజొస్తుంది. గురివింద, ముష్టి గింజలు విషం. చంటిపిల్లలున్న ఇంట్లో అవి ఉండకూడదు.

పాత పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉందా? ముందు కడగకండి. అంటుకున్న మట్టి కూడా ఆనవాలే. పెద్దవాళ్ళ ముందు జిల్లా పటం పరిచి, ఒక్కో రాయీ చేతికిచ్చి అడగండి, ఫోన్లో మాటలు రికార్డు చేయండి. వాళ్ళు చెప్పింది రాసేటప్పుడు పక్కన 'జ్ఞాపకం మీద' అని రాయండి, ఊహ వేరుగా రాయండి. చుట్టిన పాత పేపర్లు పారేయకండి. వాటి మీద తేదీ, ఏ జిల్లా ఎడిషనో ఉంటాయి. ఏ ఏడాది ఏ ఊరివైపు వెళ్ళారో గుర్తు చేయడానికి పెద్దవాళ్ళకు ఆ ముక్క చాలు.