వేటకు అనుమతిచ్చి మందను పెంచారట! పెన్సిల్వేనియా ఎల్క్ లెక్కేంటి?

(పొగమంచు, గడ్డి మైదానం. దూరంగా సన్నటి కూత.)

విన్నారా? ఎవరో ఈల వేసినట్టుంది కదా, కానీ అది మగ ఎల్క్ అరుపు. ఎల్క్ అంటే ఒక పెద్ద రకం జింక. మన అడవుల్లో కణుజును చూసుంటే, దానికంటే ఇంకాస్త భారీగా ఊహించుకోండి, ఒక్కోటి 400 కిలోల దాకా తూగుతుంది. ఈ ఊరు బెనెజెట్, అమెరికాలోని పెన్సిల్వేనియాలో. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వచ్చే మనవాళ్ళు ఇంకో రెండున్నర, మూడు గంటలు కారు నడిపారంటే, సెప్టెంబరు చివర్లో అయితే రోడ్డు పక్కనే కనబడతాయి.

ఈ రాష్ట్రంలో ఇప్పుడు సుమారు 1,400 ఎల్క్‌లున్నాయి. వాటిని వేటాడటానికి ఏటా లైసెన్సులు కూడా ఇస్తారు. నిజం చెప్పాలంటే, మొదటిసారి విన్నప్పుడు నాకూ మింగుడుపడలేదు. కష్టపడి తెచ్చి పెంచిందాన్ని మళ్ళీ కాల్చడమేంటి?

(పాత ఫోటోలు.)

ఇక్కడి సొంత ఎల్క్‌లు 1860లకే అయిపోయాయి. వేట, అడవుల నరికివేత, మామూలు కథే. 1913 నుంచి 1926 దాకా 177 ఎల్క్‌లను, ఎక్కువగా పడమటి అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు వైపు నుంచి, రైల్లో తెచ్చి వదిలారు. అవి ఇంకా కుదురుకోకముందే 1923లో వేట తెరిచేశారు. మగవాటినే కొట్టాలన్న షరతైతే ఉంది, కానీ ఇన్నే అన్న లెక్క లేదు. పైగా పంట మేస్తున్నాయని రైతులు చంపేవి, దొంగచాటుగా కొట్టేవి వేరే. 1931 వచ్చేసరికి సీజన్ మూసేయక తప్పలేదు. ఆ తర్వాత కూడా మంద కోలుకోలేదు, మెదడుకు పట్టే ఒక పురుగు కూడా తోడైంది, 1974లో లెక్కపెడితే 38 తేలాయి.

ముప్పై ఎనిమిది! మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

తర్వాత వాటిని కాపాడింది, చిత్రంగా, బొగ్గు గనులు. తవ్వేసి వదిలేసిన కొండల మీద మట్టి సర్ది గడ్డి, క్లోవర్ అనే మేత మొక్క విత్తనాలు చల్లితే అవే మేతభూములయ్యాయి. 1990ల చివర్లో కొన్నిటిని పట్టి దూరంగా వదిలి, పరిధి పెంచారు. మంద ఐదారు వందలకు చేరాక, 70 ఏళ్ళ తర్వాత, 2001లో మళ్ళీ వేట. ఈసారి లైసెన్సులెన్ని? ముప్పై. దరఖాస్తులు 50 వేలు దాటాయి!

(మ్యాప్: రంగురంగుల జోన్లు.)

అసలు కిటుకు ఇక్కడుంది, కాస్త ఓపికగా వినండి. ఎల్క్‌లుండే ప్రాంతాన్ని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు మగవాటికి ఇన్ని, ఆడవాటికి ఇన్ని అని విడివిడిగా లైసెన్సులు కేటాయిస్తారు. మంద పెరగాలా తగ్గాలా అన్నది తేలేది ఆడవాటి దగ్గరే, ఎందుకంటే ఒక్క మగది బోలెడన్ని ఆడవాటిని వెంటేసుకు తిరుగుతుంది కాబట్టి నాలుగు మగవి పోయినా పిల్లల లెక్క పెద్దగా మారదు. కానీ కొమ్ములున్న పెద్ద మగదాన్ని చూడ్డానికే కదా జనం బెనెజెట్ వచ్చేది, అందుకని వాటినీ ఊడ్చేయనివ్వరు. 2020లో 164 లైసెన్సులిస్తే అందులో ఎక్కువ భాగం ఆడవాటికే. పొలాల మీద పడుతున్న జోన్‌లో నంబర్ పెంచుతారు, మంద పలచగా ఉన్నచోట తగ్గిస్తారు.

లైసెన్సు ఎవరికంటే, లాటరీయే. ఈసారి రాకపోతే వచ్చే ఏడాది డ్రాలో మీ పేరు మీద ఇంకో చీటీ కలుస్తుంది. అయినా ఏళ్ళ తరబడి దరఖాస్తు ఫీజు కట్టి, ఒక్కసారీ తగలనివాళ్ళు బోలెడుమంది. ఆ ఫీజులు వెళ్ళేది రాష్ట్ర గేమ్ కమిషన్‌కు, వన్యప్రాణుల్ని చూసుకునేది ఆ శాఖే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను దాదాపు మొత్తంగా ఆపేసింది కాబట్టి ఈ పద్ధతి వింతగా అనిపిస్తుంది. దీన్ని ఎత్తుకొచ్చి నల్లమలలో పెట్టమని నేననట్లేదు, అక్కడి భూమి వేరు, మనుషులు వేరు.

(చెక్ స్టేషన్. ట్రక్కులో ఎల్క్.)

కొట్టినవాళ్ళు 24 గంటల్లోపు దాన్ని చెక్ స్టేషన్‌కు తేవాలి. అక్కడ క్షయ, పశువులకు గర్భం పోయేలా చేసే బ్రుసెల్లోసిస్, జింకల్ని చిక్కిపోయేలా చేసి చంపే ఆ వేస్టింగ్ జబ్బు ఉన్నాయేమో చూడ్డానికి నమూనాలు తీస్తారు, వయసు తెలుసుకోవడానికి ఒక పన్ను పీకుతారు. ఏ జోన్‌లో ఎంత వయసువి పడుతున్నాయో అలా తెలుస్తుంది, ఆ వివరాలు ముందేసుకునే వచ్చే ఏడాది నంబర్ వేస్తారు.