పలక చట్రంతో రైలు వాగన్

శ్రోతలకు నమస్కారం.

మాది మార్కాపురం. మా ఊరి రాయి ఎన్నో ఊళ్ళ బడిపిల్లల సంచుల్లో తిరిగింది. పలక పగిలితే రాయిని పెరట్లో పారేసేవాళ్ళం, చట్రం పొయ్యిలోకి పోయేది. మా అమ్మ మాత్రం ఒక పలకను అటక మీద దాచిపెట్టింది. మా అక్క అక్షరాభ్యాసం చేసిన పలక అది. ఒక మూల పగిలింది, చట్రం వదులైంది. రెండేళ్ళ కిందట పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికింది. ఆ పలకతో నేను ఒక చిన్న బొమ్మ రైలు వాగన్, అంటే సరుకుల పెట్టె, చేశాను. ఈ పూట మీకు దాని సంగతే చెబుతాను.

ఇది కొట్లో కొన్న ప్లాస్టిక్ రైలు కాదండీ. కాగితం మీద కొలతలు వేసుకుని, చెక్క కోసుకుని, ఇరుసులు బిగించుకుని, మొదటి నుంచి చివరిదాకా మన చేత్తో మనం కట్టుకునేది. అందులోనూ నాది న్యారోగేజి.

గేజి అంటే రెండు పట్టాల మధ్య ఎడం. ఇప్పుడు మనం ఎక్కే బ్రాడ్‌గేజి అయిదున్నర అడుగులు. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోయే మా లైను 1990లలో మారేదాకా మీటర్‌గేజి. దాన్నే న్యారోగేజి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. న్యారోగేజి ఇంకా చిన్నది. రెండున్నర అడుగులు, డార్జిలింగ్‌లో అయితే రెండడుగులే. మన తెలుగు నేల మీద కూడా ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను రెండున్నర అడుగులది. 2004లో దాన్ని ఆపి, తర్వాత బ్రాడ్‌గేజికి మార్చారు.

నేను ఒకటి ఊహించుకున్నాను. మా పలకల గనుల నుంచి మార్కాపురం రోడ్డు స్టేషనుకి అలాంటి చిన్న లైను ఒకటి వేసి ఉంటే, దాని మీద ఎలాంటి వాగన్ నడిచేది? లైను ఊహే. కొలతలు మాత్రం ఊహ కాకూడదని పట్టు పట్టాను.

వెడల్పు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. పట్టాలేమో రెండున్నర అడుగులు, మరి పెట్టె ఎంత వెడల్పు పెట్టొచ్చు? మహారాష్ట్రలో 1897లో మొదలైన బార్సీ లైట్ రైల్వే గురించి చదివాక దారి కనపడింది. ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంజనీరు కట్టించిన లైను అది. అక్కడా రెండున్నర అడుగులే, కానీ సరుకుల వాగన్ల కింది చట్రం 7 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు! ఏ ఇరుసు మీదా 5 టన్నులు మించకుండా బరువు పంచాడాయన. బరువు పంచడం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నా వాగన్ చిన్నది, నాలుగు చక్రాలది. 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అనుకున్నాను. అడుగుకి అరంగుళం లెక్క. అంటే అసలు దాంట్లో 24వ వంతు. బడిపిల్లల స్కేలు చాలు. 10 అడుగులు 5 అంగుళాలవుతుంది, 5 అడుగులు రెండున్నర అంగుళాలు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు అంగుళంపావు అవుతుంది, మిల్లీమీటర్లలో దగ్గర దగ్గర 32. ఇంగ్లీషు ‘O’ అక్షరంతో ‘ఓ గేజి’ అని బొమ్మరైళ్ళకి దొరికే పట్టాల ఎడం కూడా 32 మిల్లీమీటర్లే. నాకది చాలా సంతోషం కలిగించిన లెక్క.

ఇక చెక్క. పలక చట్రం నాలుగు పట్టీలూ ఊడదీసి మా వీధి ఆచారి దగ్గరికి పట్టుకుపోయాను. 6 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం కావాలన్నాను. ఆయన పట్టీని వెలుగుకి పట్టి చూసి, "ఇంత సన్నంగా మిషన్‌కి పెడితే అంతా పొట్టైపోద్ది సార్, చేతిరంపంతో చీల్చి చిత్రిక పడదాం, కాసేపు కూర్చోండి" అన్నాడు. కాసేపు కాదు, సాయంత్రం దాకా పట్టింది. డబ్బులు తీసుకోలేదు. వాగన్ పూర్తయ్యాక చూపించమన్నాడు, అంతే.

ఒక పట్టీ మీద మా అక్క పేరు ఉంది, ఎప్పుడో ఇంకు పెన్నుతో రాసింది. దాన్ని చిత్రిక పట్టనివ్వలేదు. వాగన్ అడుగున పరిచాను.

ఇరుసులకి సైకిల్ పుల్ల ముక్కలు. అవి 2 మిల్లీమీటర్ల మందం, తొందరగా తుప్పు పట్టవు, నిటారుగా ఉంటాయి. చక్రాలు లేతు షాపులో ఇత్తడితో తీయించాను, ముప్పావు అంగుళానివి, లోపలి వైపు అంచుతో. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 29 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ కొలతకి చెక్క ముక్క ఒకటి కోసుకుని మధ్యలో పెట్టి బిగిస్తే తేడా రాదు. పెట్టెకి ఫెవికాల్ చాలు.

అంతా అయింది. పట్టాల మీద పెట్టి తోశాను. మొదటి మలుపులోనే పడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే పడింది. పట్టాలు సరిచేశాను, చక్రాలు మార్చాను, వారం రోజులు అదే పని.

తప్పు ఎక్కడుందంటే, నాలుగు చక్రాల్లో మూడే పట్టాలకి ఆనుతున్నాయి. నాలుగోది వెంట్రుకవాసి గాల్లో ఉంది. మలుపులో ఆ చక్రం పట్టా ఎక్కి అవతలికి దిగిపోతోంది. అసలు వాగన్లకి స్ప్రింగులుంటాయి కాబట్టి ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. నా దానికి ఆ సదుపాయం లేదు. నాలుగు చక్రాలూ ఆనాలి. నాలుగూ ఆనితేనే బరువు నాలుగింటికీ పంచుకుపోతుంది.

మన ఇళ్ళల్లో చూడండి. నాలుగు కాళ్ళ బల్ల గచ్చు మీద ఊగుతుంది, కింద కాగితం మడిచి పెడతాం. ముక్కాలిపీట ఎక్కడ వేసినా ఊగదు. వాగన్‌కీ అదే ఉపాయం. ఒక ఇరుసును చట్రానికి గట్టిగా బిగించాలి. రెండో ఇరుసును మాత్రం బిగించకూడదు. చట్రం కింద నడిమధ్యలో, వాగన్ పొడవు దిశలో చిన్న ఇత్తడి గొట్టం ముక్క అతికించి, అందులో తీగ దూర్చి, రెండో ఇరుసును ఆ తీగ మీద తక్కెడలా వేలాడదీయాలి. ఇటు ఒక పిసరు లేస్తే అటు ఒక పిసరు దిగుతుంది. అంతే. వారం రోజులు పడిన వాగన్ ఆ రాత్రి మలుపు తిరిగింది.

ఇక సరుకు. పగిలిన పలక రాయిని అంచున బ్లేడు పెట్టి మెల్లగా తడితే పొరలు పొరలుగా లేస్తుంది. కటింగ్ ప్లేయరుతో అరంగుళం ముక్కలు చేసి, వాగన్‌లో నిలువుగా వరుసలు పేర్చాను. ఉత్తి చెక్క వాగన్ తేలిక, తోస్తే ఎగురుతుంది. రాయి పడ్డాక కుదురుగా, నిజం వాగన్‌లా బరువుగా కదిలింది. పలకలు తీసేసినప్పుడు అడుగున అక్క పేరు కనపడుతుంది.

మీరూ మొదలుపెడితే రంగులు, అక్షరాలు, గొలుసులు తర్వాత చూసుకోండి. ముందు కింది చట్రం, చక్రాలు. కిటికీ అద్దం ముక్క ఒకటి బల్ల మీద పరవండి. ఒక్కో చక్రం కింద సన్న కాగితం పెట్టి లాగండి. నాలుగు చోట్లా కాగితం బిగుతుగా రావాలి. ఎక్కడ జారి వచ్చేసిందో ఆ చక్రం ఆనలేదని. అప్పుడు తక్కెడ ఇరుసును మళ్ళీ చూసుకోండి. కాగితం నాలుగు చోట్లా బిగిసిన రోజున పెట్టె కట్టడం మొదలుపెట్టండి.

నమస్కారం.