ఏనుగు పగలగొట్టిన ట్యాంకు ఖర్చు ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. 2022 సెప్టెంబర్‌లో ఎనిమిది చీతాలు కూనోలో దిగినప్పుడు నమీబియా పేరు మన ఇళ్లలో బాగా వినపడింది. ఈరోజు చీతాలను పక్కన పెట్టి, ఆ దేశపు వాయవ్య మూల కునేనే ప్రాంతంలోని ఖరీదైన సఫారీ లాడ్జీల గురించి మాట్లాడదాం. 'అక్కడి అడవి ఊరివాళ్లదే' అంటున్నాయి బ్రోషర్లు. నిజమేనా మేడమ్?

పరిశోధకురాలు: సగం నిజం. అసలు అడవి అనడానికే లేదు. రాళ్లు, గడ్డి, ఎండిన వాగులు, అక్కడక్కడా మొపానే చెట్లు. ఆ నేల చట్టప్రకారం ప్రభుత్వానిది. ఊరివాళ్లకు ఉన్నది జంతువుల మీద, టూరిజం మీద హక్కు. అదీ 1996లో చట్టం సవరించాక వచ్చింది. అంతకుముందు 1975 నాటి చట్టం ప్రకారం తమ నేల మీది జంతువులతో సంపాదించుకునే వీలు ప్రైవేటు భూములున్న తెల్ల రైతులకే. ఇప్పుడు ఊళ్లన్నీ కలిసి హద్దులు గీసుకుని, సభ్యుల జాబితా రాసుకుని, కమిటీ పెట్టుకుంటే 'కన్జర్వెన్సీ'గా నమోదు చేస్తారు. అలాంటివి 86 ఉన్నాయి. దేశంలో దాదాపు ఐదో వంతు నేల వాటి కిందే ఉంది.

టూర్ ఆపరేటర్: ఆ హక్కే అసలు ఆస్తి కదండీ! టొర్రా అనే కన్జర్వెన్సీ సంగతి తీసుకోండి. అక్కడ డమారాలాండ్ క్యాంప్ అనే లాడ్జి 1996లో మొదలైంది, కన్జర్వెన్సీ నమోదైంది 1998లో. గదుల మీద వచ్చే నికర ఆదాయంలో 10 శాతం లాడ్జి నడిపే కంపెనీ ఊరికి ఇవ్వాలని అప్పటి ఒప్పందం. ఉద్యోగాలూ ఊరివాళ్లకే.

పరిశోధకురాలు: ఆ ఊరివాళ్లు ఎవరో కూడా చెప్పాలి. వాళ్లలో చాలామంది దక్షిణాఫ్రికాలోని రీమ్‌వాస్‌మాక్ నుంచి 1970లలో జాతి వివక్ష ప్రభుత్వం బలవంతంగా తరలించిన కుటుంబాలు. మేకలు, గొర్రెలతో బతికేవాళ్లు. 1980ల మొదట్లో కరువొచ్చి మందలు తుడిచిపెట్టుకుపోయాయి. మరోవైపు వేటగాళ్లు నల్ల ఖడ్గమృగాల్ని దాదాపు ఖాళీ చేశారు. అప్పుడే వన్యప్రాణి సంరక్షకుడు గార్త్ ఓవెన్-స్మిత్ లాంటివాళ్లు ఊరి పెద్దలతో మాట్లాడి, ఊరివాళ్లనే కాపలాకి పెట్టారు. లాడ్జి వచ్చింది ఆ తర్వాత. కాపలా ముందు, కాసులు తర్వాత. బ్రోషర్లు ఈ వరసను తిరగేసి చెప్తాయి.

రిటైర్డ్ అటవీ అధికారి: నాకొక సందేహం. ఏనుగులు పెరిగితే దెబ్బ ఎవరికండీ? నల్లమలలో పనిచేసినవాణ్ణి, పశువు పోయిన ఇంటి ఏడుపు విన్నాను.

పరిశోధకురాలు: సరైన చోటే పట్టుకున్నారు. అక్కడ ఏనుగు నీళ్ల వాసన పట్టి ఊళ్లోకొస్తుంది. పైపు పీకుతుంది, ట్యాంకు పగలగొడుతుంది. టూరిస్టుకు అది ఫోటో, ఆ ఇంటికి వారం పాటు నీళ్ల కరువు. సింహం రాత్రికి రాత్రే మేకల దొడ్డి ఖాళీ చేసిపోతుంది. కన్జర్వెన్సీ నిధి నుంచి కొంత ఇస్తారు, కానీ పోయిన పశువు పూర్తి విలువ చేతికి రాదు. లాడ్జి డబ్బు అందరికీ పంచుతారు, సింహం మాత్రం ఒక్కడి దొడ్డిలోనే పడుతుంది.

టూర్ ఆపరేటర్: లాడ్జి లేకపోతే ఆ కొంతా రాదు కదా మేడమ్.

పరిశోధకురాలు: రాదు, ఒప్పుకుంటాను. 2020లో విమానాలు ఆగిపోతే అది తెలిసొచ్చింది. కాపలావాళ్ల జీతాలకు బయటి నుంచి సహాయ నిధి తేవాల్సి వచ్చింది. ఒక్క పంట మీదే బతికే రైతు పరిస్థితి అది.

వ్యాఖ్యాత: మరి లాడ్జి పూర్తిగా ఊరిదే అయితే?

టూర్ ఆపరేటర్: అలాంటిదీ ఉంది, గ్రూట్‌బర్గ్ లాడ్జి. యూరోపియన్ యూనియన్ నిధులతో కట్టారు, 2005లో తెరిచారు. కొండ అంచున గదులు, కింద లోయ. యజమాని అక్కడి కన్జర్వెన్సీయే, నడపడానికి ఒక కంపెనీని పెట్టుకుంది. కొండ మీదికి దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, చిన్న కారును కిందే వదిలి వాళ్ల జీపులో ఎక్కాలి. మావాళ్లకి అదే టెన్షన్!

రిటైర్డ్ అటవీ అధికారి: ఇంతకీ మీ కస్టమర్లు ఏమడుగుతారు సార్?

టూర్ ఆపరేటర్: నిజం చెప్పమంటారా? వెజ్ భోజనం దొరుకుతుందా, వైఫై ఉందా అని.

పరిశోధకురాలు: ఇంకోటి కూడా అడగమనండి. కంపెనీతో ఒప్పందం ఎన్నేళ్లు, అది ముగిశాక ఆ గదులు ఎవరివి అని.

టూర్ ఆపరేటర్: (నవ్వుతూ) ఇంతవరకూ ఒక్కరూ అడగలేదండీ. నేనూ అడగలేదు.

వ్యాఖ్యాత: చిన్న బ్రేక్ తీసుకుని, వచ్చాక ఫోన్ కాల్స్‌లోకి వెళదాం.