పొగ రాని కుంపటి
(ఒడిశాలోని కోరాపుట్‌లో తెలుగు వయోవృద్ధుల శీతాకాల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, నాకిచ్చిన పది నిమిషాలలో నాలుగు దానికే చెల్లిపోతాయి కనుక అందరికీ కలిపి ఒకే నమస్కారం చేస్తున్నాను.

సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న ఈ ఊరికి పల్లపు ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వచ్చి, ఇక్కడే ముసలివాళ్లమైన మనకు చలి కొత్త కాదు. మారినది మన శరీరమే. వయసు మీరాక వణుకు తగ్గుతుంది, చలి తెలియడమూ తగ్గుతుంది. అందుచేత ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు జారి, మాట తడబడుతూ మగత కమ్ముతున్నా, ఇంట్లోవాళ్లు దానిని వయసు కిందనే జమకడతారు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది కనుక, గుండెజబ్బు ఉన్నవారు కార్తిక స్నానమైనా, మార్గశిర గురువారం తలస్నానమైనా ఎండ వచ్చాక గోరువెచ్చని నీళ్లతో చేయడం మంచిది. అంతమాత్రానికి లక్ష్మీదేవి అలగదని నా నమ్మకం. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. ఫ్లూ టీకా సంగతి మీ వైద్యుణ్ణి అడగండి.

ఇక నేను వచ్చిన పని. 1983 డిసెంబరులో ఒక రాత్రి, మా అమ్మ చలికి ఓర్చుకోలేకపోతోందని, కణకణలాడే బొగ్గుల కుంపటిని ఆమె మంచం పక్కన పెట్టి, కిటికీ సందులలో పాత గుడ్డలు కుక్కి, తలుపు దగ్గరగా వేసినవాణ్ణి నేనే. తెల్లవారేసరికి అమ్మ లేదు. అదే గదిలో పడుకున్న మా అక్క కూతురు తల పగిలిపోతోందంటూ వాంతులు చేసుకుంటే, పైత్యమన్నారు. పరామర్శకు వచ్చినవారందరూ అనాయాస మరణం, పుణ్యాత్మురాలు అన్నారు. నేనూ తల ఊపాను.

అప్పటికి నేను ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. గాలి చాలనిచోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుందని నల్లబల్ల మీద ఏటా రాసినవాణ్ణి. ఆ పాఠానికీ మా ఇంటి గదికీ సంబంధం ఉందని నాకు తట్టడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పటికీ మా బంధువులు అమ్మది మంచి చావు అంటుంటే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో చెప్పలేను.

అయ్యా, అమ్మా, కుంపటి ఆరుబయట కాచుకోండి. గదిలో పెట్టుకొని పడుకోకండి; బూడిద కప్పిన నిప్పు కూడా ఆ వాయువును విడుస్తూనే ఉంటుంది. దానికి బదులు కంబళి మీద మరో కంబళి కప్పుకోండి, చెవులకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు వేసుకోండి. రాత్రి కుంపటి ఉన్న గదిలో తలనొప్పి, వికారం, తూలు కనిపిస్తే ముందు బయటికి రండి, తరువాత ఆసుపత్రికి వెళ్లండి.

ముందు వరుసలో ఒక అక్కగారు ఇప్పుడే పక్కావిడతో, మా కుంపటికి పొగ రాదమ్మా, అంటున్నారు. అక్కా, మా కుంపటికీ పొగ రాలేదు.