కర్ర నీరు తాగాలి: పాత మరపడవను ఇంటివద్ద బాగుచేసే తీరు

దృశ్యం: కొబ్బరాకుల పందిరి కింద, దిమ్మల మీద నిలబెట్టిన పడవ.

నమస్కారం. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గరలో, మా పెరట్లో మీరు చూస్తున్నది 18 అడుగుల టేకు మరపడవ. మా తాతగారి కాలంలో ఏటి మీద సరుకు దాటించిన ఈ పడవ, ఇంజను పట్టేశాక ఏళ్ల తరబడి ఒడ్డునే పడి ఉంది. ఇలాంటి పడవను బాగుచేయాలనుకునేవారు ముందుగా గ్రహించవలసినది ఒకటుంది. కర్రపడవ ఎండినప్పుడు ఒక ఆకారంలో, నీరు తాగాక మరో ఆకారంలో ఉంటుంది. మనం పనిచేసేది మొదటి ఆకారం మీద, పడవ బతికేది రెండో ఆకారంలో.

పడవ బరువంతా అడుగున నిడివిగా సాగే వెన్నుదూలం మీదే పడాలి. పక్కన ఆనించే కర్రలు అది ఒరగకుండా ఆపడానికి మాత్రమే. కొసల కింద మాత్రమే దిమ్మలు పెడితే నడుము కుంగుతుంది, మధ్యలో మాత్రమే పెడితే కొసలు వాలుతాయి. ఎండ నేరుగా తగిలితే పలకలు చివర్ల నుంచి నెర్రెలిస్తాయి కనుక నీడ తప్పనిసరి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును చూసిన శ్రీకాకుళం జిల్లా మనది కాబట్టి, వానాకాలం ముగిసేలోగా పందిరినీ పడవనూ మోకులతో నేలకు బిగించడం మరువకూడదు.

దృశ్యం: పలక మీద చిన్న సుత్తి, తరువాత స్క్రూడ్రైవరు మొన.

గట్టి పలకను తట్టితే ఖణేల్మంటుంది, పుచ్చిన పలక మొద్దుగా పలుకుతుంది. అమరం, అంటే పడవ వెనుక కొస, మూలలో ఈ స్క్రూడ్రైవరు మొనను గుచ్చగానే అంగుళం లోతుకు దిగిపోయి, తడిసిన కాఫీపొడి లాంటి పదార్థం రాలింది. ఉప్పునీరే కర్రను కుళ్లబెడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ కుళ్లు తెచ్చే శిలీంధ్రం పెరిగేది వాననీటి చెమ్మలో. అందుకే నీటిలో మునిగి ఉండే అడుగు కన్నా, వాననీరు నిలిచే పైమూలలు ముందుగా పుచ్చుతాయి. ఉప్పునీటి ప్రమాదం వేరు. పురుగులా కనిపించినా ఆల్చిప్పల జాతికి చెందిన టెరిడో అనే జీవి, సూదిమొనంత రంధ్రంతో లోపలికి దూరి, పైకి ఏమీ తెలియకుండా పలకను సొరంగాలుగా తొలిచేస్తుంది. ఇత్తడి స్క్రూలను కూడా గీరి చూడండి. పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తే, అందులోని జింకు కరిగిపోయి బోలు రాగి మాత్రమే మిగిలిందని అర్థం. వాటి స్థానంలో సిలికాన్ కంచు స్క్రూలు వేయాలి.

ఇక పలకల మధ్య సందుల సంగతి. మొదటిసారి నేను, ఎండి విడిపోయిన సందులను చూసి కంగారుపడి, వాటినన్నిటినీ ఎపాక్సీతో, అంటే ఆరాక రాయిలా గట్టిపడే జిగురుతో, నింపేశాను. నీటిలో దించిన నాలుగో రోజున పలకలు ఉబ్బి, జరగడానికి చోటు లేక, లోపలి వంపుకర్రలలో రెండింటిని పగలగొట్టాయి. అప్పుడు చూడడానికి వచ్చిన ముసలి వడ్రంగి మేస్త్రి, “కర్ర నీరు తాగాల బాబూ, తాగినాక సందు దానికదే మూసుకుంటాది” అన్నారు. ఆయన చూపిన ప్రకారం, సందులోని పాత సరుకంతా గీరి తీసి, నూలు పేటను మొండి ఉలితో, కొయ్యసుత్తితో ఒత్తుగా కాక మెత్తగా దట్టించాను. దాని మీద, సాల వృక్షపు జిగురైన గుగ్గిలాన్ని నూనెలో కరిగించి పూశాను. అది సులభంగా మంటంటుకునే పదార్థం కనుక, ఇంటికీ పందిరికీ దూరంగా కాచుకోవాలి.

పాత రంగును పొడిగా రుద్దవద్దు. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాలలో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది, అంతకు ముందరి రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేము. నీళ్లు చల్లుతూ, ముఖానికి మాస్కు కట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి రుద్దాలి.

పట్టేసిన డీజిల్ ఇంజనుకు, సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు తీసి, సిలిండరులో పల్చని నూనె, కిరసనాయిలు కలిపి పోసి వారం రోజులు వదిలి, ఆ తరువాత ఫ్లైవీలు అనే బరువు చక్రాన్ని చేతితో అటూ ఇటూ కదపాలి. నూనె లోపల ఉండగా ఇంజెక్టరు బిగించి స్టార్టరు నొక్కితే, నూనె అణగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

దృశ్యం: ఒడ్డున లోతులేని నీటిలో, తాడుతో కట్టిన పడవ.

దించే ముందు కొన్ని రోజులు పడవ లోపల తడి గోనెలు పరచండి. దించాక మొదటి రోజు నీరు బాగానే ఊరుతుంది కాబట్టి పంపును సిద్ధంగా ఉంచి, ఊట తగ్గేవరకూ పడవను కట్టే ఉంచాలి. పలకలు ఉబ్బి ఆకారం కుదిరాకే ఇంజనుకూ, నీటిలోని పంకాను తిప్పే కడ్డీ అయిన షాఫ్టుకూ వరుస చూడాలి, అంటే రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో. ఆ రెంటినీ కలిపే 100 మిల్లీమీటర్ల వ్యాసపు కప్లింగు ముఖాల మధ్య ఎడం, చుట్టూ ఎక్కడ కొలిచినా, 0.1 మిల్లీమీటరుకు మించి తేడా రాకూడదు. గట్టు మీద సరిచేసిన వరుస నీటిలో నిలవదు.

ఏటి మీద నడపాలంటే 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం కింద తనిఖీ, నమోదు చేయించుకోవాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు, షాఫ్టు బయటికి వెళ్లే చోట నీరు చొరకుండా బిగించే గ్లాండు దగ్గర నిమిషానికి రెండు మూడు చుక్కలు కారనివ్వండి. షాఫ్టును చల్లగా ఉంచేది ఆ చుక్కలే.

దృశ్యం: గ్లాండు నట్టు అంచున ఒక చుక్క నిండి జారుతుంది.