మాజీ అయ్యాకే కేసెందుకు?

తెర మీద: విజయవాడ కోర్టుల ప్రాంగణం. బారికేడ్లు, నల్లకోట్లు, మైకులు.

2023 సెప్టెంబరు 10, ఆదివారం. కోర్టులకు తాళం ఉండాల్సిన రోజు. కానీ విజయవాడ ఏసీబీ కోర్టులో గంటల తరబడి వాదనలు నడిచాయి. అంతకు ముందు రోజు తెల్లవారుజామున నంద్యాలలో సీఐడీ అరెస్టు చేసిన మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిని అక్కడ హాజరుపరిచారు. కేసు స్కిల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టుది: యువతకు నైపుణ్య శిక్షణ పేరుతో ప్రభుత్వ నిధులు పక్కదారి పట్టాయన్న ఆరోపణ. ఊరంతా ఫోన్లలో స్క్రోలింగ్ చూస్తూ కూర్చుంది. సాయంత్రం రిమాండ్ ఉత్తర్వు వచ్చింది. ఆ రాత్రే కాన్వాయ్ రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు దారి పట్టింది.

ఆ వారమంతా గవర్నర్‌పేట టీ కొట్ల దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేటలో అయినా వినబడినవి రెండే మాటలు. ఒకటి "కక్ష సాధింపు". రెండోది "చట్టం తన పని తాను చేసుకుపోతుంది".

2012 మే 27న జగన్‌మోహన్‌రెడ్డిని అక్రమాస్తుల కేసులో సీబీఐ అరెస్టు చేసినప్పుడూ ఇవే రెండు మాటలు విన్నాం. ఆయన 16 నెలలు చంచల్‌గూడ జైల్లో ఉన్నారు. మాటలు అవే, అనే నోళ్లు మాత్రం అటువి ఇటు, ఇటువి అటు మారాయి.

ఎవరు దోషి, ఎవరు కాదు అన్నది ఈ వీడియోలో తేల్చం. అది యూట్యూబ్ పని కాదు. మన ప్రశ్న వేరే. పెద్ద నాయకుడి మీద కేసు సాధారణంగా ఆయన కుర్చీ దిగాకే ఎందుకు కదులుతుంది? దిగాక కదిలిన కేసును కక్ష అనుకోకుండా ఉండటం మనకెందుకు కష్టం?

తెర మీద: కుర్చీ, ఫైలు, తాళం బొమ్మలు.

చట్టం తన పని తాను చేసుకుపోతుందంటారు కానీ, చట్టానికి కాళ్లు లేవండి. దాన్ని నడిపించేది పోలీసు. సీఐడీ, ఏసీబీ రెండూ రాష్ట్ర ప్రభుత్వం కిందివే. సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసేది ప్రభుత్వమే. కోర్టులో వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను నియమించేదీ ప్రభుత్వమే. ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నంతకాలం ఆయన మీద ఆయన కింది అధికారే ఫైలు తెరవాలి. ఏ అధికారి తెరుస్తాడు? ఐదేళ్లు ఆగుతారు. ఎన్నికలు అయ్యాక తాళం చెవి ప్రత్యర్థి చేతికి వస్తుంది, అప్పుడు బీరువా తెరుచుకుంటుంది. లోపల ఉన్న కాగితం నిజమైనదే కావచ్చు. కానీ తెరిచిన చేయి ఎవరిదో అందరికీ కనబడుతుంది. కక్ష అన్న అనుమానం మన ఏర్పాటులోనే ఉంది. ఫలానా పార్టీ వచ్చిందని పుట్టలేదు, ఇంకో పార్టీ వస్తే పోదు.

దీనికి బీహార్‌లో ఒక పాత కేసు ఉంది. ముఖ్యమంత్రిగా చేసిన జగన్నాథ్ మిశ్రా మీద పట్నాలో ఒక సహకార బ్యాంకు వ్యవహారంలో 1979లో ఛార్జిషీటు పడింది. 1980లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఆయన ప్రభుత్వంలోని ప్రాసిక్యూటరే కేసు ఉపసంహరించుకుంటామని కోర్టుకు వెళ్లారు. వ్యవహారం సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాకా పోయింది. ముగ్గురు ఉపసంహరణ సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. కాదన్న వారిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి భగవతి ఒకరు. సాక్ష్యం గట్టిగా ఉంటే, ఫిర్యాదు చేసినవాడికి రాజకీయ కక్ష ఉన్నంత మాత్రాన కేసు చెడిపోదని ఆయన రాశారు. మన చర్చలన్నిటిలో ఎవరూ ఎత్తని పాయింటు ఇదే. కక్ష నిజం కావచ్చు, నేరమూ నిజం కావచ్చు. ఒకటి రుజువైతే రెండోది అబద్ధమైపోదు.

తెర మీద: 1993 పార్లమెంటు. లెక్క: 251 – 265.

ఇక మన తెలుగువాడి కేసు. నా లెక్కలో ఈ చర్చకు ఇంతకంటే మంచి పాఠం దేశంలో లేదు.

1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. అదే ఏడాది నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. ప్రత్యర్థికి అంత మర్యాద చేసిన రోజులు కూడా ఉండేవి మరి. పీవీది మైనారిటీ ప్రభుత్వం. 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్ జరిగితే అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం 14 ఓట్లతో గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకుని ఓటేశారన్న ఆరోపణ ఆ తర్వాత వచ్చింది. పీవీ కుర్చీలో ఉన్నంతకాలం అది పెద్దగా కదల్లేదు. 1996లో ఆయన ఓడారు, కేసు పరుగెత్తింది.

1998లో సుప్రీంకోర్టు 3:2 తో ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది. లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఇస్తుందట, వాళ్లను ప్రాసిక్యూట్ చేయకూడదట. ఇచ్చారన్న ఆరోపణ ఉన్నవాళ్లు మాత్రం విచారణ ఎదుర్కోవాల్సిందే. డబ్బు తీసుకుని కూడా ఓటు వేయని ఎంపీ ఎవరైనా ఉంటే ఆయనకూ రక్షణ లేదు. అంటే లంచం తీసుకుని మాట నిలబెట్టుకున్నవాడు బయట, తప్పినవాడు బోనులో!

2000 సెప్టెంబరు 29న ఢిల్లీ ప్రత్యేక కోర్టు పీవీని, మాజీ కేంద్రమంత్రి బూటా సింగ్‌ను దోషులుగా తేల్చింది. అక్టోబరులో మూడేళ్ల శిక్ష వేసింది. క్రిమినల్ కేసులో దోషిగా తేలిన తొలి మాజీ ప్రధాని మనవాడే అయ్యాడు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అప్రూవర్‌గా, అంటే నిందితుల నుంచి ప్రభుత్వ సాక్షిగా మారిన ఎంపీ సాక్ష్యాన్ని నమ్మలేమంది. మిగతా కేసుల్లోనూ ఆయన నిర్దోషిగానే బయటపడ్డారు. 2004 డిసెంబరు 23న కన్నుమూశారు.

2024 ఫిబ్రవరిలో పీవీకి భారతరత్న ప్రకటించారు. నెల తిరక్కుండా మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో ఆ 1998 తీర్పును రద్దు చేసింది. సభలో ఓటు కోసం లంచం తీసుకున్న సభ్యుడికి ఇక రక్షణ లేదు. ఈ కేసు వేసిన సీతా సోరెన్ ఎవరు? జార్ఖండ్ ముక్తి మోర్చా నాయకుడు శిబూ సోరెన్ కోడలు. 1993 ఓటింగ్‌లో ఆరోపణ వచ్చిన ఎంపీల్లో శిబూ సోరెన్ ఒకరు. కల్పించి రాస్తే నమ్మరు.

పీవీ కేసులో కక్ష ఎంత, న్యాయం ఎంత అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ చూడండి, శిక్ష వేసింది కోర్టే, కొట్టేసింది కోర్టే. జనం మనసులో మిగిలింది మాత్రం ఎవరి అభిప్రాయం వాళ్లకే.

తెర మీద: సెక్షన్ 19. సెక్షన్ 17ఎ.

ఇప్పుడు కాస్త చట్టం. బోర్ కొడితే క్షమించండి, కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది.

అవినీతి నిరోధక చట్టం కింద కేసులో అనుమతి రెండు చోట్ల కావాలి. కోర్టు కేసును విచారణకు తీసుకునే ముందు కావాల్సింది సెక్షన్ 19 అనుమతి. ఇది పాతది. సిమెంటు కేటాయింపుల ఆరోపణలతో 1982లో రాజీనామా చేసిన మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే కేసులో, పదవి దిగిపోయినవాడికి ఈ రక్షణ అక్కర్లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మాజీ అయితే అనుమతి లేకుండానే ప్రాసిక్యూట్ చేయొచ్చు. చాలాకాలం ఇదే నడిచింది.

2018 జూలైలో పార్లమెంటు చట్టం మార్చింది. సెక్షన్ 19 రక్షణను మాజీలకూ ఇచ్చింది. పైగా 17ఎ అని కొత్తది చేర్చింది. పదవిలో ఉండగా తీసుకున్న నిర్ణయం మీద ఆరోపణ వస్తే, దర్యాప్తు మొదలు పెట్టడానికే ముందస్తు అనుమతి కావాలి. లంచం తీసుకుంటూ అక్కడికక్కడ పట్టుబడితే అక్కర్లేదు. మూడు నెలల్లో తేల్చాలి, ఇంకో నెల పొడిగించుకోవచ్చు. ముఖ్యమంత్రి స్థాయి వాళ్లకు ఈ అనుమతి సాధారణంగా గవర్నర్ నుంచి తీసుకుంటారు. గవర్నర్‌ను నియమించేది ఢిల్లీ. అంటే తాళం చెవి ఇప్పుడు అమరావతిలో సగం, ఢిల్లీలో సగం.

ఎందుకు తెచ్చారంటే, నిజాయతీ గల అధికారి సంతకం పెట్టడానికి భయపడకూడదని. అందులో న్యాయం లేకపోలేదు. అయితే ఆ గొడుగు కిందికే తప్పు చేసినవాడూ వచ్చి నిలబడొచ్చు.

స్కిల్ కేసు చిక్కు సరిగ్గా ఇదే. ఆరోపణలు 2018కి ముందువి, ఎఫ్ఐఆర్ 2021 డిసెంబరుది. 17ఎ అనుమతి తీసుకోలేదు. తీసుకోవాలా? హైకోర్టు అక్కర్లేదంది, కేసు రద్దు చేయాలన్న క్వాష్ పిటిషన్ కొట్టేసింది. 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు దారులు పట్టారు. అనుమతి కావాల్సిందేనని జస్టిస్ అనిరుద్ధ బోస్, చట్టం రాకముందు జరిగినవాటికి వర్తించదని జస్టిస్ బేలా త్రివేది. విషయం పెద్ద ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. దేశంలో అత్యున్నత కోర్టు జడ్జీలే ఇద్దరూ ఒక మాట మీదకు రాని ప్రశ్నకు, టీవీ డిబేట్లో కూర్చున్నవాళ్లు పావుగంటలో జవాబు చెప్పేశారు!

రిమాండ్ నాటి వాదనలో ఇంకొకటి ఉంది, పాత ఐపీసీ 409. ప్రభుత్వ సొమ్ము అప్పజెబితే నమ్మకద్రోహం చేయడం. యావజ్జీవం దాకా శిక్ష పడే సెక్షన్. అవినీతి కేసుకు ఇది తోడైతే బెయిల్ కష్టమవుతుంది, ఛార్జిషీటుకు 90 రోజులు దొరుకుతాయి. ఏడేళ్ల లోపు శిక్షల కేసుల్లో ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం దాటొచ్చు. అందుకే లాయర్లు ఆ రోజు అంతసేపు 409 చుట్టూనే తిరిగారు. అరెస్టు వార్త రాగానే ఏ సెక్షన్లు అని అడగండి. ఏ పార్టీ అన్నది ఎలాగూ తెలుస్తుంది.

తెర మీద: 1977 అక్టోబరు.

అరెస్టు చేసినవాళ్లకు ఇది అన్నిసార్లూ లాభం కాదు. 1977 అక్టోబరు 3న జనతా ప్రభుత్వం ఇందిరా గాంధీని అరెస్టు చేయించింది. మరుసటి రోజే మేజిస్ట్రేట్ ఆధారాలు లేవని విడిచిపెట్టారు. ఎమర్జెన్సీలో జరిగినవాటికి ఆధారాలు లేకనా? షా కమిషన్ ముందు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. తొందరపడి బలహీనమైన కేసు పట్టుకెళ్లారు. నాలుగైదు నెలల్లో, 1978 ఎన్నికల్లో మన ఆంధ్రప్రదేశ్ ఇందిర పార్టీకే పట్టం కట్టింది. 1980లో ఆమె మెదక్ నుంచి గెలిచి మళ్లీ ప్రధాని.

ఇక్కడా అదే చూశాం. 2023లో 50 రోజులకు పైగా జైల్లో ఉన్న నాయకుడు 2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. గెలుపుకు అరెస్టు ఒక్కటే కారణం అనను. కానీ అది ఓటర్లను భయపెట్టలేదన్నది స్పష్టం.

విదేశాల ముచ్చట క్లుప్తంగా. అమెరికాలో మాజీ అధ్యక్షుడు నిక్సన్ మీద కేసు నడవక ముందే 1974 సెప్టెంబరులో తర్వాతి అధ్యక్షుడు ఫోర్డ్ క్షమించేశారు. దక్షిణ కొరియా 1996లో ఇద్దరు మాజీ అధ్యక్షులకు శిక్షలు వేసి, 1997 చివర్లో క్షమాభిక్ష పెట్టింది. రెండు దేశాల్లోనూ వాదన ఆగలేదు.

తెర మీద: విజయవాడ, ప్రజాప్రతినిధుల కేసుల ప్రత్యేక కోర్టు.

మరి దారేంటి? మాజీలను వదిలేయమనడం నాకు నచ్చదు. అలా అంటే ఐదేళ్లు దోచుకుని దిగిపోతే చాలన్నమాట. ప్రత్యర్థి చేతికి తాళం ఇచ్చి న్యాయం జరుగుతుందనుకోవడమూ అమాయకత్వమే. ఆ తాళం చెవిని కొంచెం కొంచెంగా కోర్టులు లాక్కుంటున్నాయి, నా ఆశ అక్కడే. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులకు 2018లో ప్రత్యేక కోర్టులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌ది పెట్టింది మన విజయవాడలోనే. 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రస్తుత, మాజీ ఎంపీ, ఎమ్మెల్యేల మీద కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఏ ప్రభుత్వమూ ఉపసంహరించకూడదు. బీహార్‌లో మిశ్రాకు దొరికిన దారి ఇప్పుడంత సులభం కాదు.

మూసేసే దారి ఇరుకైంది కానీ, తెరిచే దారి అలాగే ఉంది. ఇంకా దర్యాప్తు సంస్థ ప్రభుత్వం చేతిలోనే. జాప్యం సంగతి సరేసరి. 2011లో నమోదైన జగన్ అక్రమాస్తుల కేసు విచారణ పదేళ్లు దాటినా పూర్తి కాలేదు. కేసు అంత సాగితే నిందితుడికి శిక్ష పడదు, నిర్దోషినన్న కాగితమూ చేతికి రాదు. ప్రచారసభల్లో మాత్రం రెండు పక్షాలకీ పనికొస్తుంది.

తరవాతి అరెస్టు ఎవరిదో నాకు తెలియదు, ఏదో ఒక రోజు ఉంటుంది. అప్పుడు ఎఫ్ఐఆర్ చూడండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సంఘటన ఎప్పటిదో, ఎఫ్ఐఆర్ ఎప్పటిదో, మధ్యలో ఎన్నికలు ఎప్పుడు వచ్చాయో పక్కపక్కన రాసుకోండి. అనుమతి ఎవరిచ్చారో చూడండి. ఆర్నెల్ల తర్వాత ఈకోర్ట్స్ సైట్లో ఆ కేసు నంబరు కొట్టి, ఛార్జిషీటు పడిందా, ఎన్ని వాయిదాలు పడ్డాయి, అడిగిందెవరు చూడండి. సైటు వాడే పద్ధతి కింద డిస్క్రిప్షన్‌లో పెడుతున్నాం.