వార్డులో పేషెంట్ పడిపోకుండా చూడాలంటే: స్టాఫ్ నర్సుల కోసం

[దృశ్యం: రాత్రి జనరల్ వార్డు. ఒక పెద్దాయన దుప్పటి తీసి మంచం దిగబోతున్నారు. చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం), పక్కన ఐవీ స్టాండు. కింద చాప మీద కూతురు నిద్రపోతోంది.]

వాయిస్: వార్డులో చాలామంది పడేది బాత్రూముకు వెళ్లబోయే. అటెండెంటును నిద్రలేపడం ఎందుకని ఒకరు, సిస్టర్‌ను పిలవడానికి మొహమాటపడి ఇంకొకరు, ఒంటరిగా లేస్తారు. అందుకే బెల్ కొట్టేదాకా ఆగకుండా మనమే ముందు వెళ్లాలి.

[దృశ్యం: మోర్స్ స్కేల్ ఫారం, దగ్గరగా.]

అడ్మిషన్ అప్పుడే మోర్స్ స్కేల్, అంటే పేషెంట్ పడే ప్రమాదం ఎంతో చెప్పే స్కోరు, వేయండి. ఈ పెద్దాయనకు షుగరుతో పాటు గుండె జబ్బు ఉంది: 15. క్యాన్యులా: 20. నడక నీరసంగా ఉంది: 10. మొత్తం 45. గతంలో ఎప్పుడూ పడకపోయినా చాలా ఆసుపత్రుల లెక్కలో ఈయన హై రిస్కే. మంచం, బల్ల పట్టుకుని నడుస్తుంటే ఇంకో 30 కలుస్తుంది. ఆపరేషన్ తర్వాత, మందులు మారినప్పుడు, వార్డు మారినప్పుడు స్కోరు మళ్లీ వేయాలి. అయితే తక్కువ స్కోరు వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే స్కోరును నమ్ముకోవద్దని, 65 ఏళ్లు నిండి ఆసుపత్రిలో చేరిన ప్రతి ఒక్కరికీ పడే ప్రమాదం ఉందనే చూడాలని చెప్పింది.

[దృశ్యం: నర్సు మంచం దగ్గరికి వస్తుంది.]

రౌండ్‌కు వెళ్లినప్పుడు "ఏమైనా కావాలా?" అంటే "ఏమీ వద్దమ్మా" అనే జవాబే వస్తుంది. "పెద్దాయనా, పడుకునే ముందు ఒకసారి బాత్రూముకు వెళ్లొద్దాం, రండి" అనండి. పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి చూడండి. నీళ్లు, కళ్లజోడు, యూరిన్ క్యాన్, బెల్ చేతికి అందేలా పెట్టండి. పక్షవాతం వచ్చినవారికైతే బాగున్న చేతి వైపు పెట్టాలి. ఫ్యూరోసెమైడ్ లాంటి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు రెండో డోసు సాయంత్రం పొద్దుపోయాక ఉంటే, ఇంకా పెందరాళే ఇవ్వవచ్చా అని డాక్టర్ని అడగండి. లేకపోతే నడిరాత్రి పరుగు తప్పదు.

[దృశ్యం: మంచం నుంచి లేపే పద్ధతి, నెమ్మదిగా.]

ఇక్కడ తొందరపడొద్దు. మంచం బ్రేకులు వేసి, కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనేంత ఎత్తుకు దించండి. పక్కకు తిప్పి కూర్చోబెట్టి, ఒకటి రెండు నిమిషాలు కాళ్లు ఆడించమనండి. కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. అనుమానముంటే పడుకున్నప్పటి బీపీ ఒకటి, నిలబడ్డాక 1వ, 3వ నిమిషాల్లో బీపీ తీయండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గిందంటే నడిపించకుండా డాక్టరుకు చెప్పండి. నేలను తాకే లుంగీని పైకి కట్టించాలి. వదులు చెప్పులు, ఉత్త సాక్సులు వద్దు. ఐవీ స్టాండుకు చక్రాలుంటాయి, దాన్ని ఊతంగా పట్టుకోనివ్వొద్దు. పేషెంటుకు బలహీనంగా ఉన్న వైపు, అరడుగు వెనక మీరు నడవండి.

బాత్రూములో నేల తడి తుడిపించాకే లోపలికి పంపండి. గడియ పెట్టుకోవద్దనాలి. హై రిస్క్ పేషెంటును వదిలి బయటికి రావద్దు.

[దృశ్యం: నాలుగు రెయిలింగులూ ఎత్తిన మంచం.]

రెయిలింగులన్నీ ఎత్తేస్తే భద్రమని అటెండెంట్లు అనుకుంటారు. అయోమయంలో ఉన్న పేషెంట్ వాటి మీంచి దాటబోతారు, అప్పుడు ఇంకా పైనుంచి పడతారు. ఇలాంటివారికి మంచం బాగా కిందికి దించి, నర్సింగ్ స్టేషన్‌కు దగ్గరగా మార్చండి.

[దృశ్యం: నడుస్తూ ఒరిగిపోతున్న పేషెంట్.]

చేతుల్లో ఒరిగిపోతుంటే బలంగా పైకి లాగొద్దు, ఇద్దరూ పడతారు. కాళ్లు ఎడం చేసి, మీ తొడ మీదుగా మెల్లగా నేలకు జార్చండి. తల కొట్టుకోకుండా చూసుకోండి.

పడిపోయాక వెంటనే లేపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ముందు స్పృహ, శ్వాస. తర్వాత తల, మెడ, తుంటి. ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగిందనే అనుకోండి. బీపీ, పల్స్, షుగర్, జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు) చూసి డాక్టర్ని పిలవండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, హెపారిన్ వాడేవారైతే ఆ సంగతి మొదటి మాటలోనే చెప్పాలి. తలకు దెబ్బ పైకి కనిపించకపోయినా లోపల రక్తం చేరవచ్చు. ఇన్సిడెంట్ ఫారంలో ఏ సమయం, ఎక్కడ, ఏం చేయబోతూ పడ్డారు, చివరి మందు ఎప్పుడు ఇచ్చారో రాయండి. ఎవరి తప్పన్నది అందులో రాయొద్దు. షిఫ్టు మారేటప్పుడు మంచం దగ్గరే నిలబడి తర్వాతి సిస్టర్‌కు ఇదంతా అప్పగించండి.